గుట్ట కింది వాగులో దొరికిన గుల్లలు: ఇవి సముద్రానివేనా? (ఫోటోలు ఉన్నాయి)

వాగుబిడ్డ · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చంద్రపూర్ జిల్లా, జీవతి గుట్టల కింద ఒక ఊరు. అవతలి గట్టు ఎక్కితే తెలంగాణ. డ్యూటీ బొగ్గు గనిలో, సెలవు దొరికితే ఇంటికి వస్తా.

ఈసారి దసరాకు వచ్చేసరికి వాగు మోకాలి లోతుకు తగ్గింది. మా మేనల్లుడు చేపలు పడుతూ పడుతూ ఒక రాయి తెచ్చి "మామా, ఇందులో నత్త ఇరుక్కుంది, తియ్యి" అన్నాడు. తీయబోతే నా గోరు విరిగింది గాని నత్త రాలేదు. అదీ రాయే! తర్వాత ఇద్దరం కలిసి రెండు గంటలు వెతికితే ఇంకా దొరికాయి.

ఫోటో 1: పొగాకు రంగు గట్టి రాయి. దానిలో ఏడెనిమిది నత్తలు. పక్కన ఐదు రూపాయల బిళ్ళ పెట్టాను.
ఫోటో 2: అలాంటి రాయిలోనే ఆల్చిప్ప సగం ముక్కలాంటిది.
ఫోటో 3: ఇది వేరే రాయి, బూడిద రంగు. మీద నల్లగా చెట్టు కొమ్మ అచ్చు.

మా ఊరి నుంచి సముద్రం ఎటు చూసినా వందల కిలోమీటర్లు. ఈ గుల్లలు ఇక్కడికి ఎలా వచ్చాయి? ఇంతకీ ఇవి ఏమిటి? ఒక ఆఫీసుకు మెయిల్ పెట్టి మూడు వారాలైంది, జవాబు లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

---

ఆదిలాబాదీ · ఆదివారం, రాత్రి 10:05

సూపర్ తమ్మీ! ఆ మొదటిది శంఖమే. కచ్చితంగా సముద్రం. ఒకప్పుడు దేశమంతా సముద్రమే కదా.

---

బేరగాడు · ఆదివారం, రాత్రి 10:22

ఫోటో 1 జూమ్ చేసి చూశారా ఎవరైనా? నత్తల నోరు ఎడమ వైపు ఉంది! దక్షిణావర్త శంఖానికి అలాగే ఉంటుంది. రాయిగా మారిన దక్షిణావర్తం అంటే మాటలా? బ్రదర్, ఎవరికీ ఇవ్వకు. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

---

మోడరేటర్ · ఆదివారం, రాత్రి 10:41

బేరాలు ఇక్కడ కుదరవు, నియమాలు చూడండి. వాగుబిడ్డ గారూ, మీ ఫోటో 2 లో లొకేషన్ కనిపిస్తోంది, తీసేశాను. ఊరి పేరు, వాగు పేరు రాయకండి. నిరుడు ఒకాయన ఇలాగే రాస్తే, వారంలో ఆ వాగు గట్టును పలుగులతో తవ్వి పోయారు.

---

రాతిపొరలు · సోమవారం, ఉదయం 6:15

వాగుబిడ్డ గారూ, మంచి ఫోటోలు. ముఖ్యంగా బిళ్ళ పెట్టినందుకు థాంక్స్. చాలామంది అరచేతిలో పెట్టి తీస్తారు, అరచేయి ఎవరిదో మాకేం తెలుసు, చిన్నపిల్లవాడిదో పహిల్వాన్‌దో.

నేను ముప్ఫై ఏళ్ళు కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యాను. చెప్పేముందు కొన్ని అడగాలి.

ఒకటి, ఆ పొగాకు రంగు రాయితో గాజు సీసా మీద గీస్తే గీత పడుతోందా? రెండు, బాత్రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క (చేతికి గ్లౌజు వేసుకుని, ఆరుబయట) ఆ రాయి మీద ఒకసారి, బూడిద రాయి మీద ఒకసారి వేస్తే ఏమవుతోంది? మూడు, ఆ ముక్కల అంచులు పదునుగా ఉన్నాయా, గులకరాళ్ళలా అరిగి ఉన్నాయా? నాలుగు, వాగు ఎక్కడ పుడుతుంది?

శంఖమా కాదా తర్వాత చూద్దాం. వాగులో దొరికిన రాయికి సొంత ఊరు వేరే ఉంటుంది. ముందు అది తేలాలి.

---

వాగుబిడ్డ · సోమవారం, రాత్రి 8:50

మేడమ్, అన్నీ చేశాను.

పొగాకు రాయి గాజు మీద బాగా గీసింది. యాసిడ్ వేస్తే ఉలుకూ పలుకూ లేదు. బూడిద రాయి మీద వేస్తే సోడా కొట్టినట్టు బుస్సుమని పొంగింది, మేనల్లుడు ఇంకో రెండు చుక్కలు వేయించాడు. నత్త ముక్కల అంచులు అరిగాయి గాని మరీ నున్నగా లేవు. వాగు పైన గుట్ట మీద పుడుతుంది. గుట్టంతా నల్ల రాయి, పైన నల్లరేగడి. కిందికి వచ్చాక మా ఊరి దగ్గర నేలంతా సున్నపురాయి.

---

రాతిపొరలు · సోమవారం, రాత్రి 10:10

సగం పని మీరే చేశారు.

పొగాకు రాయి చెకుముకి. మన తాతలు దూదితో నిప్పు రాజేసుకున్న రాయి. మీ నత్తలు చెకుముకిలో ఉన్నాయి, బూడిద సున్నపురాయిలో కాదు. అంటే అవి మీ ఊరివి కావు, పైనుంచి, ఆ నల్ల గుట్ట మీది నుంచి వాగుతో దిగి వచ్చాయి.

ఆ నల్ల రాయి బసాల్ట్, దక్కను లావా. ఇప్పటికి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటిది. లావా అంతా ఒక్కసారే పొంగలేదు. ఒక పొర పరుచుకుని చల్లారాక, తర్వాతిది రావడానికి కొన్నిచోట్ల వందల, వేల ఏళ్ళు పట్టింది. ఆ విరామంలో వానలు కురిశాయి, పల్లాల్లో చెరువులు నిండాయి, నాచు పట్టింది, నత్తలు చేరాయి. మళ్ళీ లావా వచ్చి అన్నిటినీ కప్పేసింది. లావా నుంచి కరిగిన సిలికా ఆ చెరువు బురదను చెకుముకిగా మార్చింది. రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న ఈ చెరువు పొరనే ఇంటర్‌ట్రాపియన్ అంటారు. రొట్టెల మధ్య పచ్చడిలా అనుకోండి.

కాబట్టి, ఆదిలాబాదీ గారు నొచ్చుకోవద్దు, ఇది సముద్రం కాదు. చెరువు.

---

ఆదిలాబాదీ · సోమవారం, రాత్రి 10:31

నొచ్చుకోను మేడమ్, కానీ గుల్ల చూసి చెరువుదో సముద్రానిదో ఎలా చెబుతారు? గుల్ల గుల్లే కదా?

---

రాతిపొరలు · సోమవారం, రాత్రి 11:20

అసలు ప్రశ్న అదే.

ఒక్క గుల్లను చూసి చెప్పడం కష్టమే, దాని సావాసం చూడాలి. సముద్రపు పొర అయితే గుల్లతో పాటు పగడం, సముద్రపు ముల్లుకాయ (సీ అర్చిన్), ఆయిస్టర్ల (సముద్రపు ఆలిచిప్పల) గుట్టలు, అమ్మొనైట్లు (చక్రంలా చుట్టుకున్న గుల్లల పాత సముద్ర జీవులు), వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. రాజమండ్రి దగ్గర కూడా లావా పొరల మధ్య ఇలాంటి గుల్ల పొరలున్నాయి. అక్కడ ఆయిస్టర్లు, స్క్రూ మేకులా పొడుగ్గా మెలితిరిగిన టరిటెల్లా గుల్లలు దొరుకుతాయి. అది తీరం. మీ ముక్కల్లో అవేవీ లేవు. నత్తలు, చెరువుల్లోనూ ఉండే మామూలు ఆల్చిప్ప. అంతే. బూతద్దంతో వెతికితే గసగసాల గింజంత గుండ్రటి, గీతలున్న బంతులు దొరకవచ్చు. అవి కారా అనే నీటి మొక్క విత్తనాల్లాంటివి. దొరికితే చెరువు అన్న మాటకు ఇంకో సాక్ష్యం.

ఇక ఎడమ నోరు. బేరగాడు గారి కన్ను మంచిదే, లెక్కే తప్పు. మొన పైకి, నోరు మన వైపు పెట్టి పట్టుకుంటే చాలా నత్తలకు నోరు కుడి పక్క వస్తుంది. మీ నత్తలకు ఎడమ పక్క ఉంది. ఇది ఫైసా కుటుంబపు గుర్తు. ఆ కుటుంబంలో ప్రతి నత్తా పుట్టుకతోనే ఎడమచేతి వాటం. పూజ శంఖంలో లక్షల్లో ఒకటి అలా తిరిగితే దాన్ని దక్షిణావర్తం అంటున్నాం. ఫైసాలో అన్నీ అలాగే ఉంటాయి, అందుకే దానికి ఆ ధర రాదు! ఈ ఫైసా చుట్టాలు ఇవాళ్టికీ ఉన్నారు. అక్వేరియం షాపు తొట్టి అద్దానికి అంటుకుని చిన్న నత్తలు పాకుతుంటాయి చూడండి, చాలావరకు అవే. ఊపిరితిత్తితో గాలి పీలుస్తాయి, మధ్యమధ్య నీటి పైకి వస్తాయి. సముద్రంలో బతకవు.

మీ ఫోటోలోది ఫైసా ప్రిన్సెపై అని నా అంచనా. దక్కను చెరువు పొరల్లో అందరికన్నా ఎక్కువ కనిపించేది అదే. పెద్దవి బొటనవేలి కన్నా లావుంటాయి.

---

బేరగాడు · సోమవారం, రాత్రి 11:32

సరే మేడమ్. కానీ మా బంధువొకాయన ఇలాంటిదే పన్నెండు వేలు పెట్టి కొన్నాడు, "సాలగ్రామం జాతి" అని చెప్పి అమ్మారు. ఇప్పుడు ఆయనకు ఏమని చెప్పాలి?

---

పాతకాగితాలు · మంగళవారం, ఉదయం 7:02

ఆయన నిద్ర చెడగొట్టకండి. సాలగ్రామాలు నేపాల్ గండకి నదిలో దొరికే అమ్మొనైట్లు, నిజంగానే సముద్ర జీవులు, చక్రంలా ఒకే తలంలో చుట్టుకుంటాయి. నత్త గోపురంలా పైకి మెలితిరుగుతుంది. చక్రానికీ గోపురానికీ తేడా చూస్తే చాలు.

నేను రాయి మనిషిని కాదు, చరిత్ర పిచ్చి. ఈ నత్తకు మన ప్రాంతంతో ఉన్న చుట్టరికం చెబుతా. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న మాల్కమ్‌సన్ హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ దారిలో నిర్మల్ గుట్టలు ఎక్కుతూ ఈ గుల్లల చెకుముకిని గమనించాడు. ఆయన వ్యాసం 1840లో లండన్ జియాలజికల్ సొసైటీ ప్రచురణల్లో వచ్చింది. ఫైసా ప్రిన్సెపై అన్న పేరు అందులోనే గుల్లల శాస్త్రవేత్త సోవర్‌బీ పెట్టాడు. అంటే దక్కను గుల్లల కథ మొదలైంది మన అడవి దారిలోనే. జీవతి గుట్టలున్న రాజూరా ప్రాంతం కూడా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే కదా, ఆ లెక్కన వాగుబిడ్డ గారి నత్త మా జిల్లాదే!

తర్వాత నాగ్‌పూర్‌లో మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఈ గుల్లల మీద ఏళ్ళ తరబడి పని చేశాడు. అక్కడి హిస్లాప్ కాలేజీ ఆయన పేరు మీదే. 1863 సెప్టెంబరులో నిండు వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. కాబట్టి వాగుబిడ్డ గారూ, మేనల్లుణ్ణి వరద నీళ్ళలో రాళ్ళకు పంపకండి.

---

వాగుబిడ్డ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

బ్రేక్‌లో చదువుతున్నా. మేడమ్, కాస్త నిరాశగానే ఉంది, నిజం చెప్పాలంటే. ఇంట్లో అందరికీ సముద్రం అని చెప్పేశాను. మా అమ్మ పక్కింటికి కూడా చెప్పింది. మరి ఫోటో 3 సంగతి? చెట్టు కొమ్మ?

---

సున్నపుగుట్ట · మంగళవారం, సాయంత్రం 5:48

ఫోటో 3 నాకు వదిలేయండి, రోజూ చూసే సరుకు. నేను ఆ పక్కనే సున్నపురాయి క్వారీలో ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నా.

అది చెట్టు కాదన్నా. డెండ్రైట్. రాయి పగుల్లోకి మాంగనీసు కలిసిన నీళ్ళు ఊరి, ఆరుతూ ఆరుతూ కొమ్మల్లా పాకుతుంది. కిటికీ అద్దం మీద మంచు పూలు పూసినట్టు. ఆకైతే మధ్యలో ఈనె ఉంటుంది, కాడ దగ్గర లావుగా ఉంటుంది. దీనికి అవి ఉండవు. రాయి పగిలిన ముఖం మీదే ఉంటుంది, లోపలికి పోదు. గోకి చూడు. ఆదిలాబాద్ వైపు ఇదే వరస రాళ్ళలో మాంగనీసు ఖనిజం తవ్వారు, కాబట్టి ఇక్కడ నల్ల కొమ్మలు కనిపించడంలో వింతేం లేదు.

ఇంకొకటి. ఈ పెన్‌గంగ సున్నపురాయి ప్రొటెరోజోయిక్. అంటే ఎంత తక్కువ లెక్కేసినా 54 కోట్ల ఏళ్ళ కంటే పాతది. నేల మీద మొక్కలు మొలిచింది దాని తర్వాత ఎన్నో కోట్ల ఏళ్ళకు. అప్పటికి చెట్టే లేదు, కొమ్మ ఎక్కడినుంచి వస్తుంది?

---

సిరొంచ పిలగాడు · మంగళవారం, రాత్రి 9:12

మా వైపు కథ వేరే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. ఇక్కడ కోట ఊరి పేరు మీద కోట ఫార్మేషన్ అని జురాసిక్ రాళ్ళున్నాయి. సున్నపురాయి పలకలు విడదీస్తే చేప పొలుసులు, మెరుస్తూ, వజ్రం ఆకారంలో, గచ్చు పలకలు పేర్చినట్టు. వడధాం వైపు రాయిగా మారిన చెట్టు మానులు. చిన్నప్పుడు వాటి మీద కూర్చుని గోలీలాడాం, అవేమిటో తెలియక.

చేపలు ఉన్నాయి కదా, మాది సముద్రమే అనుకున్నా. కాలేజీలో సార్ చెప్పారు, అవీ ఎక్కువగా సరస్సు చేపలేనట! పోచంపల్లి అనే ఊరి దగ్గర దొరికిన బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. కోటసారస్ అనే ఇంకో డైనోసార్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, దాని పేరులో మా కోట ఉంది. చూసొచ్చాను, ఫోటో దిగాను.

సముద్రం మాత్రం మాకూ దక్కలేదు అన్నా. ఏడవకు.

---

రాయగడ టీచరమ్మ · మంగళవారం, రాత్రి 9:30

మీరు చెరువైనా దొరికిందని సంతోషించండి. మా ఒడిశా వైపు రాయగడ, పర్లాకిమిడి గుట్టల్లో ఎక్కువగా ఖొండలైట్ లాంటి రాళ్ళే. భూమి లోపల ఉడికి ఉడికి స్ఫటికాలైపోయిన రాయి. అందులో గుల్ల వెతకడమంటే పప్పు రుబ్బాక గింజ వెతికినట్టే. మా పిల్లలు ఏటా సైన్స్ ఫెయిర్‌కు "శిలాజం" అని తెచ్చేది గార్నెట్ రాయే.

---

విష్ణుభక్తుడు · మంగళవారం, రాత్రి 11:05

గుట్ట మీద గుల్లలంటే జలప్రళయానికి సాక్ష్యం. మత్స్యావతారం కథ మనకు ఊరికే రాలేదు. సైన్స్ వాళ్ళు ఒప్పుకోరు గాని.

---

రాతిపొరలు · బుధవారం, ఉదయం 6:40

మత్స్యావతారం కథ నాకూ ఇష్టమే, మా అమ్మమ్మ చెప్పేది. కానీ ప్రళయపు నీళ్ళు రాళ్ళూ మట్టీ కలిపి దొర్లిస్తాయి, గుల్లలు పగిలి పిండైపోతాయి. వాగుబిడ్డ గారి ముక్కలో పలుచటి గుల్లల మూతి అంచు కూడా చెక్కుచెదరలేదు. పిల్లా పెద్దా నత్తలు ఒక్కచోటే ఉన్నాయి. కదలని నీళ్ళలో పుట్టి అక్కడే పోయాయి. ఆ మాట నత్తలే చెబుతున్నాయి.

వాగుబిడ్డ గారూ, నిన్నటి నుంచి ఒకటి నన్ను తొలుస్తోంది. ఫోటో 1 లో నత్త రాయిని మీరు ఒక బండ మీద పెట్టి తీశారు. ఆ బండ ఏమిటి? దాని మీద ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తున్నాయి. నేను నత్తను చూస్తూ రెండు రోజులు దాన్ని గమనించనే లేదు.

---

వాగుబిడ్డ · బుధవారం, మధ్యాహ్నం 1:20

అదా మేడమ్! బట్టలుతికే బండ. బావి దగ్గర ఉంటుంది. మా తాత బావి తవ్వించినప్పుడు వాగు కింది మలుపు నుంచి ఎడ్లబండి మీద తెచ్చాడట. నా వయసు కంటే పాతది. వలయాలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, ఉతికి ఉతికి అలా అరిగిందేమో అనుకునేవాణ్ణి.

---

రాతిపొరలు · బుధవారం, మధ్యాహ్నం 1:34

బండను తడిపి పైనుంచి ఒక ఫోటో, పక్క అంచు నుంచి రెండు ఫోటోలు. పక్కది చాలా ముఖ్యం. దయచేసి యాసిడ్ వేయకండి!

---

వాగుబిడ్డ · శనివారం, సాయంత్రం 6:05

సెలవు దొరకలేదు, ఇవాళే వచ్చాను. ఫోటో 4, 5, 6 పెట్టాను. పక్క నుంచి చూస్తే బోర్లించిన గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంది. పొర కాగితమంత పలుచన, ఒకటి తెల్లది, ఒకటి బూడిదది. అలాంటి గిన్నెల దొంతరలు పక్కపక్కన మూడు ఉన్నాయి.

---

రాతిపొరలు · శనివారం, సాయంత్రం 6:50

కుర్చీలోంచి లేచాను. ఇది స్ట్రొమటోలైట్ అనిపిస్తోంది.

బావి గచ్చు మీద జారే పాకుడు తెలుసు కదా. సముద్రపు అంచున, ఎండ తగిలే లోతులేని నీళ్ళలో, అలాంటి పాకుడే పరుచుకుంది. సయనోబాక్టీరియా, కంటికి కనబడని జీవులు. అల వచ్చి సన్నటి సున్నపు బురద దాని జిగురు మీద అంటుకునేది. వెలుతురు కోసం పాకుడు ఆ బురద మీదికి మళ్ళీ పాకేది. మళ్ళీ బురద, మళ్ళీ పాకుడు. అలా వేల పొరలు లేచి గుమ్మటమయ్యింది. గుల్ల లేదు, ఎముక లేదు, ఉన్నది పాకుడు కట్టిన ఇల్లు. ఇవాళ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇవి బతికే ఉన్నాయి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్‌ను మొదట నింపినవి ఈ జీవులే.

మీరు సముద్రం అడిగారు. మీ అమ్మగారు దాని మీదే బట్టలుతుకుతున్నారు.

---

సున్నపుగుట్ట · శనివారం, రాత్రి 8:15

మేడమ్, గౌరవంగానే అడ్డం పడుతున్నా. రాయి సముద్రానిదే, అందులో పేచీ లేదు. ఈ వరస ఇసుకరాయిలో గ్లాకొనైట్ అనే ఖనిజపు గింజలున్నాయి, అది సముద్రపు అడుగునే తయారవుతుంది. కానీ మా సున్నపురాయిలో చాలా భాగం లోతు నీళ్ళలో పేరుకున్నదని ఇక్కడికి వచ్చిన సర్వే వాళ్ళు చెబుతుంటారు. క్వారీ గోడ మీద పొరలు పుస్తకం పేజీల్లా చదునుగా పోతాయి. వెలుతురు అందని లోతులో పాకుడు గుమ్మటం ఎలా కడుతుంది? ఇరవై రెండేళ్ళలో నేను ఒక్కటి చూడలేదు.

వంగిన పొర ప్రతిదీ పాకుడు కాదు. మెత్తటి బురద వాలు మీద జారితే మడతలు పడతాయి. నేల ఒత్తిడికి పడతాయి. ఇవి కూడా గిన్నెల్లాగే కనిపిస్తాయి.

---

రాతిపొరలు · శనివారం, రాత్రి 9:00

మీరన్నది నిజమే, అందుకే "అనిపిస్తోంది" అన్నాను. క్వారీ గోడ చూసిన కన్ను మీది, నాది ఫోటో చూసిన కన్ను.

తేల్చేది ఒక్కటే: గుమ్మటం అడుగు. మడత అయితే పై పొర వంగిన చోట కింది పొర కూడా వంగుతుంది, రగ్గు ముడతపడితే కింద దుప్పటీ ముడతపడినట్టు. పాకుడు అయితే కింది పొర చదునుగా ఉంటుంది, గుమ్మటం దాని మీద నుంచి మొలుస్తుంది. పైగా పక్కపక్కనున్నవన్నీ ఒకే వైపు, పైకే, తలెత్తి ఉంటాయి. గుమ్మటాల మధ్య సందుల్లో విరిగిన పొరల ముక్కలు, గులక చేరి ఉంటాయి. ఉతికే బండలో అడుగు భాగం భూమిలో ఉంది. వాగుబిడ్డ గారూ, తిప్పగలరా?

---

వాగుబిడ్డ · శనివారం, రాత్రి 9:20

అమ్మ ఒప్పుకోలేదు. "సముద్రమైనా సరే, సోమవారం బట్టలున్నాయి" అంది.

---

సిరొంచ పిలగాడు · శనివారం, రాత్రి 9:24

😂 అమ్మకు దండం. మన డైనోసార్ ఎముక కూడా ఎవరింటి గడపో అయ్యుంటుంది.

---

సున్నపుగుట్ట · శనివారం, రాత్రి 9:40

బండ ఎందుకు తిప్పాలి? తాత ఎక్కడినుంచి తెచ్చాడో అక్కడికే పో. వాగు కింది మలుపు అన్నావు కదా. గట్టులో కదలని రాయి ఉంటే అసలు సంగతి అక్కడే ఉంటుంది. సుత్తి తీసుకుపోవద్దు, బ్రష్షు, నీళ్ళ సీసా, టేపు చాలు. ఏ పొర కిందో ఏ పొర పైనో తెలిసేలా దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తియ్యి. పైకి బాణం గుర్తు కాగితం మీద గీసి ఫోటోలో పెట్టు.

---

వాగుబిడ్డ · ఆదివారం, మధ్యాహ్నం 12:10

పొద్దున్నే పోయాము, నేనూ మేనల్లుడూ. తాత తీసిన చోటు ఊళ్ళో ఒక ముసలాయన చూపించాడు. గట్టు కింద, నీటికి జానెడు ఎత్తున, ఆరడుగుల పొడవు బయటికి కనిపిస్తోంది. బ్రష్షుతో కడిగాము. ఫోటో 7 నుంచి 13 దాకా.

నాకు కనిపించింది రాస్తున్నా, తప్పయితే చెప్పండి. అడుగున బూడిద పొర స్కేలు పెట్టినట్టు చదునుగా ఉంది. దాని మీద నుంచి గుమ్మటాలు లేచాయి, లెక్కపెడితే పదకొండు. ఒక్కటి కూడా తలకిందులుగా లేదు. పెద్దది జానా నాలుగు వేళ్ళ వెడల్పు. రెండు గుమ్మటాల మధ్య సందులో పెంకు ముక్కల్లాంటివి చిందరవందరగా ఉన్నాయి (ఫోటో 11). పైన మళ్ళీ చదును పొర, ఆ పైన ఎర్రమట్టి.

ఏమీ పగలగొట్టలేదు. మేనల్లుడు ఒకటి కావాలని ఏడ్చాడు, అయినా ఇవ్వలేదు.

---

సున్నపుగుట్ట · ఆదివారం, మధ్యాహ్నం 3:35

ఫోటో 9, 11 నాలుగుసార్లు చూశాను. అడుగు చదునే. సందులో ముక్కలు కూడా ఉన్నాయి. మడత అయితే ఇలా రాదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా మేడమ్.

లోతు నీళ్ళ రాయి మధ్యలో ఈ ఆరడుగులు ఎలా వచ్చాయన్నది మాత్రం నాకు ఇంకా నిద్ర పట్టనివ్వదు. అక్కడ సముద్రం కొన్నాళ్ళు లోతు తగ్గిందా? ఆ పొర మా క్వారీ వైపు వస్తుందా? సోమవారం నుంచి గోడ వేరే కళ్ళతో చూడాలి.

---

రాతిపొరలు · ఆదివారం, సాయంత్రం 4:10

మీలాంటి వాళ్ళు క్లాసులో ఒక్కరున్నా నాకు ముప్ఫై ఏళ్ళు తేలిగ్గా గడిచేవి.

పలుచటి కోత తీసి మైక్రోస్కోప్ కింద పొరల అల్లిక చూస్తే తప్ప నేను కాగితం మీద స్ట్రొమటోలైట్ అని రాయను. దానికి గట్టును ముట్టనక్కర్లేదు, వాగులో రాలిపడిన ముక్క చాలు. వాగుబిడ్డ గారూ, ఒక చిన్న ముక్క ఏరి, ఏ రోజు, ఏ మలుపు, గట్టు నుంచి ఎన్ని అడుగులు అని చీటీ రాసి దానితోనే కట్టి పెట్టండి. నత్త రాళ్ళకు కూడా అదే పని చేయండి. చీటీ లేని శిలాజం ఊరూపేరూ లేని ఉత్తరం.

నీళ్ళు ఇంకా తగ్గాక, సంక్రాంతి లోపు, నేనే వస్తాను. వరంగల్ నుంచి ఆసిఫాబాద్ దాకా ఒక బస్సు, తర్వాత మీరే చెప్పాలి. సున్నపుగుట్ట గారు కూడా రావాలి, వాదించడానికి మనిషి కావాలి.

---

పాతకాగితాలు · ఆదివారం, సాయంత్రం 4:32

నేనూ వస్తా. మాల్కమ్‌సన్ నత్తను చూసి వెళ్ళిపోయాడు, కింది మలుపుకు దిగలేదు పాపం.

---

వాగుబిడ్డ · ఆదివారం, రాత్రి 8:45

తప్పకుండా రండి. అమ్మకు మొత్తం చదివి వినిపించాను. నత్తలు చెరువువని, బండ సముద్రానిదని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బావి దగ్గరికి పోయి బండ మీద రెండు చెంబుల నీళ్ళు పోసి, సబ్బు మరక రుద్ది కడిగింది. వచ్చి రెండు మాటలు చెప్పింది. ఒకటి, మేడమ్ గారికి జొన్నరొట్టె, అంబాడి (గోంగూర) కూర పడుతుందా అని అడగమంది. రెండోది, బండ కావాలంటే తీసుకుపోవచ్చు, కానీ అంతే వెడల్పుది, అంతే నున్నటిది, ముందు తెచ్చి వేయాలట.

సున్నపుగుట్ట అన్నా, మీ క్వారీలో చదునైనది ఒకటి చూడు.